బావ నిద్రపోతే వచ్చే చప్పుడు

లారీ క్యాబిన్‌లో డ్రైవరు సీటు వెనక ఒక బెర్తు ఉంటుంది. దాన్ని తయారుచేసినవాడెవడో గానీ, జన్మలో ఒక్కసారైనా అందులో పడుకుని చూసి ఉండడు. తల ఆనిస్తే కాళ్ళు పట్టవు, కాళ్ళు చాపితే తల తలుపుకి కొట్టుకుంటుంది. ఇద్దరు డ్రైవర్లున్న బండిలో ఒకడు నడుపుతుంటే రెండోవాడు అందులోనే ముడుచుకుని కునుకు తియ్యాలి. మనం చెప్పుకునే బండిలో ఆ ఇద్దరూ బావా బావమరుదులు. రాత్రంతా బావ నడిపేవాడు. తెల్లారాక స్టీరింగు బావమరిదికి అప్పగించి బెర్తు ఎక్కేవాడు. ఎక్కిన కాసేపటికే పళ్ళు నూరడం మొదలయ్యేది.

నూరడమంటే ఏదో కాస్త కిర్రుమనడం కాదు. కంకర మీద ఇనపపెట్టె ఈడ్చినట్టుండేది. కొత్తలో బావమరిది హడలిపోయి బండి పక్కకి ఆపేశాడు. పనిముట్ల పెట్టె తీసి చూశాడు, బండి కిందికి దూరి చూశాడు, ఆఖరికి బెర్తు తెర పక్కకి లాగి చూస్తే అదీ సంగతి. నోరు గట్టిగా బిగించుకుని, కింది దవడ అటూ ఇటూ జరుపుకుంటూ బావగారు నిద్రపోతున్నాడు. చెంపల దగ్గర కండలు ఉబ్బి అణుగుతున్నాయి. లేపితే, "ఏమైందిరా, ఊరొచ్చిందా?" అన్నాడు పాపం.

"ఊరు కాదు, నా ప్రాణం మీదికొచ్చింది. ఎవరి మీద బావా అంత కోపం?"

"ఇంకెవరి మీద, మీ అక్క మీదే. మెలకువగా ఉన్నప్పుడు ధైర్యం చాలదు కదరా, అందుకని నిద్రలో తీర్చుకుంటున్నా."

బావ అలాంటి మనిషి. వెనకనుంచి ఎవడైనా అడ్డదిడ్డంగా వచ్చి ముందుకు దూరినా, చెయ్యి ఊపి "పో నాయనా పో, నీకే తొందర" అనేవాడు తప్ప ఒక్క తిట్టు తిట్టి ఎరగడు. ఇంట్లో గొంతు పెంచడు. ఓనరు నోరు పారేసుకుంటే తల వంచుకుని నవ్వుతాడు. మరి ఆ పళ్ళ మధ్య పడి నలిగేదేమిటో బావమరిదికి ఎంత ఆలోచించినా బోధపడేది కాదు. కోపం ఉన్నవాడైతే అర్థం చేసుకోవచ్చు. లేనివాణ్ణి ఏమని అడుగుతాం?

ఇంటి దగ్గర అక్క బాధ అక్కది. ఆరేళ్ళ పిల్లకి కూడా అదే అలవాటు పట్టుకుంది. "తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకసారి పడుకుంటే నా ఇల్లు పిండిమర అయిపోతుందిరా" అనేది తమ్ముడితో. పక్కింటావిడ పిల్ల కడుపులో పురుగులున్నాయని తేల్చేసింది. మందు తాగించారు. పిల్ల మొహం చిట్లించుకుని తాగి, ఆ రాత్రి ఇంకాస్త గట్టిగా నూరింది. ఈలోగా బావ దవడపన్ను ఒకటి సగానికి విరిగింది. నిద్రలేచి, నాలుక కింద ఏదో రాయి ఉందని అరచేతిలోకి ఉమ్మితే పన్ను ముక్క! అప్పుడు అక్క ఇద్దరినీ వెంటబెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బావమరిది కూడా వెళ్ళాడు, పెద్ద సాక్షి వాడే కాబట్టి.

డాక్టరమ్మ మంచిది, ఓపిగ్గా చెప్పింది. పురుగులకీ దీనికీ సంబంధం లేదంది. చాలామంది పిల్లలకి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేసరికి దానంతట అదే పోతుందంది. పెద్దవాళ్ళకి ఎందుకొస్తుందో ఒక్క ముక్కలో చెప్పలేమంది. మనసులో ఒత్తిడి కావచ్చు, ఇంట్లో వరసగా వచ్చేది కావచ్చు, నిద్ర సరిగ్గా లేకపోవడం కావచ్చు.

"గాఢనిద్రలో కంటే నిద్ర పలచగా ఉన్నప్పుడే ఎక్కువ వస్తుంది. నిద్రలో రెండు రకాల మనుషులుంటారండీ, గురక పెట్టేవాళ్ళు, పళ్ళు నూరేవాళ్ళు. మీవారు రెండో రకం" అని నవ్వింది.

"ఆపడానికి మందేమీ లేదా అండీ?" అంది అక్క.

"పళ్ళకి తొడుగు చేసి ఇస్తాను. పళ్ళు అరగకుండా కాపాడుతుంది. నూరడం మాత్రం ఆపుతుందని మాటివ్వలేను."

బయటికొచ్చాక బావ పిల్లని ఎత్తుకుని, "చూశావా తల్లీ, నీకు ఆస్తి ఏం ఇస్తానో ఏమో అని మీ అమ్మ ఒకటే గోల. ఇదిగో, ఇచ్చేశాగా" అన్నాడు. పిల్ల నవ్వింది. అక్క నవ్వలేదు.

ఆ తొడుగు నాలుగు ట్రిప్పులైనా ఆగలేదు. నమిలి నమిలి చీల్చి పారేశాడు. రెండోది మందంగా చేయిస్తే వాంతి వస్తోందన్నాడు, నిద్రలోనే ఊడబీకి ఎక్కడో విసిరేశాడు. ఇక బావమరిది కూడా అలవాటు పడిపోయాడు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు కదా. వెనకనుంచి గరగర మొదలైతే, "అబ్బ, మొదలెట్టావా" అని రేడియో గొంతు పెంచుకుని పోవడమే. ఒక్కోసారి ఆ చప్పుడు తోడుగా కూడా అనిపించేది. బావ నిద్రపోతున్నాడు, అంతా బాగానే ఉంది అన్నట్టు.

కొంప మునిగింది అక్కడే.

ఆ రోజు బండి నిండా టైల్సు. ఎండ నిప్పులు చెరుగుతోంది. బావ బెర్తు ఎక్కి తెర వేసుకున్నాడు. కొంతసేపటికి గరగర వినిపించింది. "కానీ, కానీ" అనుకున్నాడు బావమరిది. చప్పుడు పెరిగింది. రేడియో పెంచాడు. బండి వేగం పెంచితే చప్పుడు పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. అది చూసైనా బుద్ధి రావాలా? రాలేదు. "బావ కూడా బండితోపాటే గేర్లు మారుస్తున్నాడ్రోయ్" అని తనలో తను నవ్వుకున్నాడు, వెధవ. మాడు వాసన వస్తే ముందు పోయే పాతబండిదనుకున్నాడు. చివరికి స్టీరింగు ఎడమవైపు గుంజుతుంటే, వెనక తెర కదిలి బావ తల బయటికొచ్చింది.

"ఏం కాలుతోందిరా?"

బండి ఆపి దిగి చూస్తే ఎడమవైపు ముందు చక్రం మధ్యలోంచి పొగ. బేరింగు పగిలిపోయి, గ్రీజంతా మాడి కారిపోయింది. నీళ్ళు చల్లితే చుయ్యిమంది. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు.

"చప్పుడు రాలేదట్రా?" అన్నాడు బావ.

"వచ్చింది."

"మరి?"

"నువ్వనుకున్నా బావా."

బావ ఒక్క క్షణం తెల్లమొహం వేసి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "ఇవాళే హాయిగా పట్టిందిరా నిద్ర. దవడ కూడా నొప్పి లేదు. ఇవాళ నేనసలు నూరినట్టే లేను" అన్నాడు. నిజమే, నూరలేదు. ఎన్నాళ్ళకో నోరు మూసుకుని పడుకున్న రోజున, ఆయన వంతు బండి నూరింది.

మెకానిక్కు వచ్చి చక్రం విప్పాడు. నీలిరంగు తిరిగిపోయిన ఇనుము చేత్తో పట్టుకుని, "ఇది పొద్దుట్నించీ అరుస్తూ ఉండాలే. చెవుల్లో ఏం పోసుకున్నావయ్యా?" అని బావమరిదిని అడిగాడు. సంగతి విని వాడూ నవ్వాడు. నవ్వుతూనే, "ఇంకాస్త దూరం పోయుంటే మీకంటే ముందు మీ చక్రం వెళ్ళిపోయేది. ఎదురుగా ఏ బస్సో వస్తే వాళ్ళ పని, మీ పని అయిపోయేది" అన్నాడు.

బావ నవ్వు అక్కడ ఆగింది. యార్డుకి చేరేలోపే ఈ కథ అందరికీ పాకింది. డ్రైవర్లందరూ వాళ్ళ లారీకి పళ్ళ బండి అని పేరు పెట్టారు. బావ అందరితో కలిసి పళ్ళికిలించాడు గానీ, ఆ తర్వాతి ట్రిప్పులో బెర్తు ఎక్కలేదు.

"పడుకోవా?" అన్నాడు బావమరిది.

"నిద్ర రావడం లేదులే. నువ్వు పోనీ."

మర్నాడూ అంతే. పక్క సీట్లో నిటారుగా కూర్చున్నాడు. తల వాలబోతుంటే ఉలిక్కిపడి లేచి, కిటికీలోంచి మొహం బయట పెడతాడు. సీసాలో నీళ్ళు కళ్ళ మీద కొట్టుకుంటాడు. చీకటి పడ్డాక స్టీరింగు తన వంతుకి తను తీసుకుంటాడు. బావమరిదికి భయం వేసింది. ఒకచోట టీకి ఆగినప్పుడు నిలదీశాడు.

"ఏమిటి బావా ఈ తపస్సు? ఆ చప్పుడు గుర్తుపట్టకపోవడం నా తప్పు. గాడిద కూడా గుర్తుపట్టేది. నా తప్పుకి నువ్వు నిద్ర మానుకోవడమేమిటి?"

"తప్పు నీదని నాకూ తెలుసురా" అన్నాడు బావ, టీ గ్లాసు తిప్పుతూ. "నీ తప్పయితే నువ్వు దిద్దుకుంటావు. తిడితే తిట్లు తిని ఇంకోసారి జాగ్రత్తగా ఉంటావు. నాదైతే ఎట్లా దిద్దుకోను? పడుకున్నాక నా నోరు నా మాట వినదు కదరా. నువ్వు బండి చప్పుడు వినాలి. నేనక్కడ పడుకుంటే నీకు బండి వినబడదు."

"వినబడుతుంది. ఇప్పుడు తెలిసిపోయిందిగా రెండింటికీ తేడా."

"ఎన్ని టన్నుల బరువుందో తెలుసా వెనక? తేడా తెలిసిందో లేదో దాంతో పరీక్ష పెట్టుకుందామా?"

బావమరిది ఊరుకోలేదు. ఉన్న తెలివితేటలన్నీ వాడాడు. చెవిలో దూదంటే బండి వినబడదు, అది కుదరదు. నీకు బదులు వేరే డ్రైవరుతో వెళ్తానని బెదిరించాడు. "వెళ్ళు, నాతో వచ్చేవాడికీ ఇదే బాధగా" అన్నాడు బావ. ఒకరోజు బావ కాస్సేపు కళ్ళు మూస్తే, లేచాక గబుక్కున, "చూశావా, నువ్వసలు నూరలేదు బావా! ఒక్క చప్పుడు లేదు!" అన్నాడు సంబరంగా.

"నేను నిద్రపోలేదురా. నువ్వేమంటావో విందామని కళ్ళు మూసుకున్నా" అన్నాడు బావ.

ఓనరుకి చెబుదామా అంటే, ఆ క్షణమే తాళంచెవి లాక్కుంటాడు. బండి తప్ప ఇంకో పని తెలియని మనిషి బావ. అక్కకి చెప్పాడు. అక్క కాళ్ళావేళ్ళా పడితే బావ అన్నిటికీ సరేనన్నాడట. ఇంటికెళ్ళిన ఆ ఒక్కరోజు కూడా పడుకోలేదట.

"రాత్రంతా పిల్ల పక్కన కూర్చుని దాని దవడ కింద చెయ్యి పెట్టుకున్నాడురా" అంది ఫోన్లో. "అది నూరినప్పుడల్లా చెయ్యి బిగిస్తాడు. ఆగదు. మళ్ళీ నూరుతుంది. ఏవండీ, అదే పోతుందన్నారు కదా డాక్టరుగారు అంటే, నాకు పోలేదుగా అన్నాడు. నువ్వే చూసుకోవాలిరా ఆయన్ని. నిద్ర లేని మనిషి చేతిలో అంత బండేమిటి? నాకు భయంగా ఉంది."

"నేనున్నాను కదక్కా" అన్నాడు తమ్ముడు. అనడం సులువే.

నేనున్నానన్నందుకు వాడు చెయ్యగలిగిందల్లా ఒక్కటే. బావ వంతు కూడా తనే నడపడం మొదలెట్టాడు. ఒంట్లో బాగుందనీ, నిద్ర రావడం లేదనీ, ఇంకాసేపనీ ఏదో ఒకటి చెప్పి స్టీరింగు వదిలేవాడు కాదు. బావ పక్కనే కూర్చుని వాడికి నిద్ర పట్టకుండా కబుర్లు చెప్పేవాడు. ఒకరి నిద్రకి ఒకరు కాపలా కాసి, ఇద్దరూ మేలుకునే ఉన్నారు. ఒక బండికి ఇద్దరు డ్రైవర్లని పెట్టింది ఇందుకా! బావ కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. మాట మధ్యలో ఆగిపోయి, ఏం చెబుతున్నాడో మర్చిపోయి, నవ్వేసేవాడు. ఒకప్పుడు ఎప్పుడాగుతుందా అని విసుక్కున్న ఆ గరగర కోసం బావమరిది ఇప్పుడు చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. ఒక్కసారి వినబడితే చాలు. బావ నిద్రపోయాడని గుర్తు.

అలాంటి రోజుల్లోనే పరుపుల లోడు తగిలింది. దూదిలా మెత్తగా ఉండే స్పాంజి పరుపులు, బండి నిండా. ఎక్కిస్తుంటే బావ చేత్తో నొక్కి చూసి, "ఎవరెవరు పడుకుంటారో మహానుభావులు" అన్నాడు. బావమరిది నవ్వలేకపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం దారిలో భోజనం చేసి మళ్ళీ బయల్దేరారు. రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంది. రెండు పక్కలా ఖాళీ పొలాలు. ముందురోజు నుంచీ స్టీరింగు దగ్గరే ఉన్న బావమరిది కళ్ళకి రోడ్డు రెండుగా కనబడసాగింది. ఒకసారి బండి గీత దాటింది. బావ చటుక్కున చెయ్యి వేసి స్టీరింగు సర్దాడు.

"ఆపు. పక్కకి ఆపు. ఇక నువ్వు పడుకో, నేను తీసుకుంటా."

"నువ్వెట్లా తీసుకుంటావు బావా? నువ్వు పడుకుని ఎన్నాళ్ళయిందో..."

"నాకలవాటైపోయిందిరా. చూడు, కళ్ళెట్లా ఉన్నాయో" అని కళ్ళు పెద్దవి చేసి చూపించాడు. ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఒక్క గంట పడుకో. ఆ తర్వాత నువ్వే నడుపు. ఇద్దరం పోతే మీ అక్కకి దిక్కెవరు?"

ఇక్కడ వద్దనాల్సింది. బండి అక్కడే నిలిపేసి ఇద్దరూ పడుకోవాల్సింది. లోడు ఆలస్యమైతే ఓనరు నాలుగు తిట్లు తిడతాడు, అంతే కదా. ఇప్పుడు మనం ఎన్నయినా అంటాం. నిద్ర మీదికొచ్చి పడుతున్నవాడికి అవేవీ తట్టవు. వాడికి బెర్తు కనబడింది. ఎక్కాడు. తల ఆనించాడో లేదో, ఒళ్ళు తెలియని నిద్ర ముంచుకొచ్చింది.

ఎంతసేపు పడుకున్నాడో వాడికి తెలియదు. నిద్రలోనే ఎక్కడో చప్పుడు వినబడింది.

గర్... గర్... గరగర.

వాడి ఒళ్ళంతా హాయిగా సడలిపోయింది. హమ్మయ్య, అనుకున్నాడు. హమ్మయ్య, బావ నిద్రపోయాడు. ఇన్నాళ్ళకి నిద్రపోయాడు, పోనీలే, లేపకూడదు, అక్కకి ఫోన్ చేసి చెప్పాలి. వాడి మొహం మీద నవ్వు కూడా వచ్చింది. అటు తిరిగి పడుకోబోయాడు. మోకాలు క్యాబిన్ గోడకి తగిలింది.

బెర్తు గోడ.

బెర్తులో ఉన్నది తను.

ఎలా దూకాడో వాడికి తెలియదు. తెర చిరిగి చేతిలోకి వచ్చేసింది. బావ సీట్లో నిటారుగానే కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీద పద్ధతిగా ఉన్నాయి. గడ్డం గుండెల మీదికి వాలింది. కళ్ళు మూతపడ్డాయి. దవడ మాత్రం అటూ ఇటూ తిరుగుతోంది. అద్దంలోంచి ఎదురుగా రోడ్డు లేదు, రోడ్డు పక్క మట్టి ఉంది, దూరంగా ఒక కరెంటు స్తంభం వీళ్ళ మీదికే వస్తోంది. బావమరిది వెనకనుంచే బావ భుజం మీదుగా పడి స్టీరింగు పట్టి లాగాడు. రెండో చేత్తో హ్యాండ్‌బ్రేకు గుంజాడు. టైర్లు కీచుమన్నాయి, కంకర లేచి కింద దడదడా కొట్టింది, వెనక పరుపులన్నీ ఒక్కసారి ముందుకి వచ్చి గుద్దాయి. బండి ఊగి, ఒకవైపు మట్టిలోకి దిగబడి ఆగింది. స్తంభం అద్దం నిండా ఉంది.

ఇంజను ఆగిపోయింది. దుమ్ము నెమ్మదిగా కిందికి దిగుతోంది. రోడ్డు మీద వెళ్ళే కారొకటి హారను కొట్టి ఆగకుండానే వెళ్ళిపోయింది. బావమరిది బావ వీపు మీద అలాగే పడి ఉన్నాడు. వాడి చెవి పక్కనే, ఇంకా, గరగర. అంత కుదుపుకీ బావకి మెలకువ రాలేదు. ఇన్నాళ్ళ నిద్ర బాకీ మనిషిని కిందికి లాగేస్తోంది.

లేపాలా? లేపితే ఏమని చెప్పాలి? లేపకపోతే ఎంతసేపని ఇలా పట్టుకుని ఉండాలి? వాడు అరచేతిని మెల్లిగా బావ దవడ కింద పెట్టాడు. చెయ్యి పెడితే అక్క పిల్లకి ఆగలేదు, దీనికేం ఆగుతుంది. ఎముక కింద కండ రాయిలా బిగుసుకుని ఉంది. లోపల పన్ను మీద పన్ను జరుగుతున్న అదురు వాడి వేళ్ళలోకి పాకింది. వాడికి ఏడుపొచ్చింది. చిన్నపిల్లాడిలా, బావ భుజం మీద మొహం పెట్టి ఏడ్చాడు.

ఆ తడికో, ఆ ఎక్కిళ్ళకో బావ దవడ ఆగింది. కళ్ళు సగం తెరిచాడు. నిలిచిపోయిన బండి, దుమ్ము, ఏడుస్తున్న బావమరిది. ఆయనకి ఏం అర్థమైందో, మొహం సిగ్గుతో చిన్నబోయింది.

"అయ్యో, కళ్ళు మూతపడ్డాయిరా" అన్నాడు. "మళ్ళీ నూరానా? గట్టిగానా? అందుకే ఆపావా బండి?"

బావమరిది మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఏమనుకోకురా, ఇంకెప్పుడూ నీ పక్కన నిద్రపోను. పోనీ, పోనివ్వు బండి. చప్పుడు వింటూ జాగ్రత్తగా నడుపు" అంటూ, తను పక్క సీట్లోనే ఉన్నట్టు కిటికీ వైపుకి జరగబోయాడు. జరగడానికి చేతులు అడ్డొచ్చాయి. ఆయన కిందికి చూశాడు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి.